పెరిగే అర్రే, కదిలే చిరునామా

64-బిట్ కంప్యూటర్‌లో ఇటీవలి పైథాన్ తెరిచి ఒక ఖాళీ లిస్ట్ పరిమాణం అడిగితే 56 బైట్లు అంటుంది. ఒక అంశం చేర్చి అడిగితే 88. రెండోది, మూడోది, నాలుగోది చేర్చినా ఆ 88 కదలదు. అయిదోది చేరగానే 120 అవుతుంది. ఎనిమిదో అంశం దాకా అక్కడే నిలిచి, తొమ్మిదోది రాగానే 184కి ఎగబాకుతుంది. అంశాలు ఒక్కొక్కటిగా చేరుతుంటే మెమరీ మెట్లుమెట్లుగా పెరుగుతోంది. ప్రోగ్రామరు రాసిన కోడ్‌లో ఈ మెట్ల ఊసే లేదు. వాటి ఎత్తు ఎంతో భాషను కట్టినవాళ్ళే నిర్ణయించి పెట్టారు. డైనమిక్ అర్రేల గురించి దశాబ్దాలుగా సాగిన చర్చలో ఎక్కువ భాగం ఈ మెట్ల ఎత్తు గురించే.

నా అభిప్రాయం ముందే చెబుతాను. అర్రే ఎలా పెరగాలన్న ప్రశ్నకు మంచి జవాబు ఎప్పుడో దొరికింది. పెరిగినది ఎలా తగ్గాలి, అర్రే చోటు మారినప్పుడు పాత చిరునామా పట్టుకుని ఉన్న కోడ్ గతి ఏమిటి అన్న రెండు ప్రశ్నలకు మాత్రం ఒక్కో భాష ఒక్కో అరకొర జవాబుతో నెట్టుకొస్తోంది. మన పాఠాలు మొదటి ప్రశ్న మీద గంటలు గడిపి మిగతా రెంటినీ ఒక వాక్యంలో దాటేస్తాయి. నిజమైన ప్రోగ్రాముల్లో మనుషులను నిద్ర పోనివ్వనివి ఆ రెండే.

అర్రే బలమంతా గడులు పక్కపక్కనే ఉండటంలో ఉంది. మొదటి గడి చిరునామా, ఒక్కో గడి వెడల్పు తెలిస్తే చాలు, వెయ్యో గడి ఎక్కడుందో ఒక గుణకారంతో, ఒక కూడికతో తేలిపోతుంది. పైగా ప్రాసెసర్ మెమరీని బైటు బైటుగా తెచ్చుకోదు. చాలా యంత్రాల్లో 64 బైట్ల ముక్కలుగా క్యాష్‌లోకి లాక్కుంటుంది. ఒక గడి చదివితే దాని పొరుగు గడులు అడగకుండానే చేతికొస్తాయి. పెరగాల్సి వచ్చేసరికి ఇదే చిక్కవుతుంది. అర్రే చివర ఉన్న బైట్లను అప్పటికే ఇంకెవరో వాడుకుంటూ ఉండవచ్చు. అప్పుడు వేరేచోట పెద్ద జాగా వెతుక్కుని, ఉన్నవన్నీ అక్కడికి కాపీ చేసి, పాత జాగా వదిలేయాలి.

ఈ కాపీ ప్రతిసారీ జరగకుండా ఉండాలంటే అవసరానికి మించి జాగా ముందే తీసుకోవాలి. పెళ్ళిలో బంతి వేసేటప్పుడు కూర్చున్నవాళ్ళకంటే నాలుగు విస్తళ్ళు ఎక్కువ పరిచి ఉంచడం లాంటిది ఇది. కూర్చున్నవాళ్ళ సంఖ్య లెంగ్త్, పరిచిన విస్తళ్ళ సంఖ్య కెపాసిటీ. సి++ వెక్టర్, రస్ట్ వెక్, గో స్లైస్ మూడూ తమ గురించి దాచుకునేది దాదాపు ఇంతే: డేటా ఎక్కడుంది, ఎంత నిండింది, ఎంత పడుతుంది. 64-బిట్ యంత్రంలో మామూలుగా ఈ మూడు సంగతులకు 24 బైట్లు.

పెరిగే అర్రేలు కొత్తవి కావు. ఆల్గాల్ 68లో ‘ఫ్లెక్స్’ అర్రేలుండేవి. బార్బరా లిస్కోవ్ బృందం 1970లలో రూపొందించిన సీఎల్‌యూ భాషలో అర్రే రెండు కొసల నుంచీ పెరిగేది. సి భాష ఈ భారాన్ని రీఅలాక్ అనే ఒక్క ఫంక్షన్ ఇచ్చి ప్రోగ్రామరు మీద వదిలేసింది. అలెగ్జాండర్ స్టెపనోవ్, మెంగ్ లీ రాసిన లైబ్రరీని 1994లో సి++ ప్రమాణాల కమిటీ ఆమోదించాక వెక్టర్ ఆ భాషలో అందరి చేతి పనిముట్టయింది. 1998లో జావా 1.2తో అర్రేలిస్ట్ వచ్చింది.

ఇక లెక్క. నిండిన ప్రతిసారీ ఒక్క గడి మాత్రమే పెంచుతూ పోతే 10 లక్షల అంశాలు చేర్చేలోపు దాదాపు 50 వేల కోట్ల కాపీలు జరుగుతాయి. ఒక్కటి తక్కువైందనుకుని వెయ్యేసి గడులు పెంచినా కాపీలు 50 కోట్లకు తగ్గుతాయి గాని, అంశాలు పది రెట్లయితే పని వంద రెట్లయ్యే స్వభావం పోదు. పాత విజువల్ బేసిక్‌లో లూపు లోపల ‘రీడిమ్ ప్రిజర్వ్’ రాసినవాళ్ళు అనుభవించిన నత్తనడకకు కారణం ఇదే. నిండిన ప్రతిసారీ జాగా రెట్టింపు చేస్తే ఈ స్వభావమే మారిపోతుంది. ఒకటితో మొదలుపెట్టి 10,48,576 గడులు నిండేదాకా జరిగే కాపీలన్నీ కలిపితే 10,48,575. అంటే అంశానికి సగటున ఒక్క కాపీ. ఎప్పుడో ఒకసారి పడే పెద్ద ఖర్చును మధ్యలోని చిన్న ఖర్చులన్నిటికీ పంచి చూసే ఈ పద్ధతికి రాబర్ట్ టార్జన్ 1985లో ఒక వ్యాసంలో పక్కా రూపం ఇచ్చాడు. నా దృష్టిలో కంప్యూటర్ శాస్త్రంలోని అందమైన లెక్కల్లో ఇదొకటి. ఇంటర్ చదివే పిల్లలకు కాగితం మీద చేసి చూపించవచ్చు.

గుణిస్తూ పెంచాలన్నది అలా తేలిపోయింది. ఎంతతో గుణించాలన్న దగ్గర మాత్రం జట్లు చీలిపోయాయి. జీసీసీతో వచ్చే సి++ వెక్టర్ రెండు రెట్లు పెరుగుతుంది. మైక్రోసాఫ్ట్ కంపైలర్‌తో వచ్చేది ఒకటిన్నర రెట్లు. జావా అర్రేలిస్ట్ ఒకటిన్నర, దానికంటే పాతదైన జావా వెక్టర్ రెండు. రస్ట్ రెండు. పైథాన్ అన్నిటికంటే పొదుపరి: ఎనిమిదో వంతు, దానికి తోడు కొన్ని గడులు, అంతే. గో భాష 1.18 వెర్షన్‌కు ముందు 1024 గడుల దాకా రెట్టింపవుతూ, ఆపైన పావు వంతు చొప్పున పెరిగేది. ఆ వెర్షన్ నుంచి 256 దగ్గర మొదలుపెట్టి రెండు నుంచి ఒకటింపావుకు నెమ్మదిగా దిగుతోంది.

ఈ అంకెల్లో ఒక్కోదాని వెనుక ఒక్కో బేరం ఉంది. అర్రే సరిగ్గా నిండిన క్షణంలో చూస్తే రెట్టింపు పద్ధతిలో అంశానికి ఒక కాపీ, ఒకటిన్నర పద్ధతిలో రెండు, పైథాన్ పద్ధతిలో దాదాపు ఎనిమిది ఖర్చయి ఉంటాయి. మరోపక్క పెరిగిన వెంటనే చూస్తే రెట్టింపు పద్ధతిలో సగం జాగా ఖాళీ, ఒకటిన్నరలో మూడో వంతు, పైథాన్‌లో పెద్ద లిస్టులకు తొమ్మిదో వంతు. కాపీ జరిగే సమయంలో పాతదీ కొత్తదీ రెండూ బతికే ఉంటాయని కూడా గుర్తుంచుకోవాలి. 4 గిగాబైట్ల అర్రే రెట్టింపవుతున్న ఆ కాసేపూ 12 గిగాబైట్లకు లెక్క చెప్పాలి.

ఒకటిన్నర జట్టు దగ్గర ఇంకో వాదన ఉంది. ఫేస్‌బుక్ 2012లో బయటపెట్టిన ఫాలీ లైబ్రరీ పత్రాలు దాన్ని గట్టిగా వినిపిస్తాయి. రెట్టింపు చేస్తూ పోతే 1, 2, 4, 8 అంటూ ఇంతవరకూ వదిలేసిన ముక్కలన్నీ ఒకదాని పక్కన ఒకటి ఉన్నా, వాటి మొత్తం కొత్తగా కావలసిన ముక్క కంటే ఎప్పుడూ చిన్నదే. అర్రే తాను వదిలిన జాగాలోకి తిరిగి రాలేదు, మెమరీలో ముందుకే జరుగుతూ పోతుంది. గుణకం స్వర్ణ నిష్పత్తి, అంటే సుమారు 1.618 కంటే తక్కువైతే కొన్ని మెట్ల తర్వాత పాత జాగాల్లోనే ఇమడగలదు. చక్కటి వాదనే. కానీ వదిలిన ముక్కలు పక్కపక్కనే ఉండి, కలిసిపోయి, మధ్యలో ఇంకెవరూ వాటిని తీసుకోకపోతేనే ఇది నిలుస్తుంది. ప్రోగ్రాములకు మెమరీ పంచిపెట్టే జెఇమాలాక్ లాంటి నేటి అలొకేటర్లు పరిమాణాన్ని బట్టి ముక్కలను వేర్వేరు వర్గాలుగా పెడతాయి, చిన్న ముక్కలు కలిసి పెద్దది కావడం వాటిలో అరుదు. అందుకే గుణకాన్ని కింద ఉన్న అలొకేటర్ నుంచి విడదీసి వాదించడం నాకు సబబుగా తోచదు. ఫాలీ వెక్టర్ అసలు గొప్పతనం కూడా, నా లెక్కలో, ఒకటిన్నరలో లేదు. జెఇమాలాక్ ఏ పరిమాణాలు ఇస్తుందో తెలుసుకుని వాటికి తగ్గట్టు అడగడంలో ఉంది.

రెడిస్ డేటాబేస్ ఇంకో దారి పట్టింది. అందులోని స్ట్రింగులు 1 మెగాబైటు దాకా రెట్టింపవుతాయి, ఆపైన ప్రతిసారీ 1 మెగాబైటు మాత్రమే అదనంగా తీసుకుంటాయి. సిద్ధాంతం ప్రకారం ఇది పైన చెప్పిన వెయ్యేసి గడుల తప్పే. అయితే రెడిస్ డేటా అంతా మెమరీలోనే ఉంటుంది, అక్కడ ఖాళీగా పడి ఉన్న ప్రతి మెగాబైటుకూ ఖరీదుంది. స్ట్రింగు పరిమాణానికి మామూలుగా 512 మెగాబైట్ల హద్దు కూడా ఉంది కాబట్టి ఆ తప్పు చేయిదాటి పోదు. తమ అవసరం తెలిసి సిద్ధాంతాన్ని పక్కన పెట్టడం అంటే ఇదీ.

కాపీ అంటే ఏమిటన్నది కూడా భాషను బట్టి మారుతుంది. లినక్స్‌లో మామూలుగా 128 కిలోబైట్లు దాటిన ముక్కను రీఅలాక్‌తో పెంచమంటే, అక్కడి సి లైబ్రరీ జీలిబ్‌సీ చాలాసార్లు బైట్లను కాపీ చేయదు. ఆ పేజీలను కొత్త చిరునామా దగ్గర కనిపించేలా మార్చమని కెర్నల్‌నే అడుగుతుంది. గిగాబైట్ల డేటా తాకకుండానే చోటు మారుతుంది. రస్ట్ ఈ సౌకర్యాన్ని వాడుకోగలదు, ఎందుకంటే ఆ భాషలో ఏ విలువనైనా బైట్లుగా ఎత్తి వేరేచోట పెట్టేయవచ్చన్నది నియమం. సి++ వెక్టర్‌కు ఆ వీలు లేదు. అక్కడ ఒక వస్తువు తన సొంత చిరునామాను తనలోనే దాచుకుని ఉండవచ్చు, అందువల్ల ప్రతి వస్తువునూ దాని పద్ధతిలోనే తరలించాలి. 2011 ప్రమాణంలో మూవ్ సౌకర్యం వచ్చాక ఈ తరలింపు చవకైంది, ఒక షరతుతో: మూవ్ చేసేటప్పుడు ఎక్సెప్షన్ రాదని ఆ క్లాసు రాసినవాళ్ళు హామీ ఇవ్వాలి. ఆ ఒక్క మాట రాయడం మరచిపోతే, కాపీ చేసే వీలుంటే, వెక్టర్ నిశ్శబ్దంగా పాత కాపీకే తిరిగిపోతుంది. ఎవరూ హెచ్చరించరు.

పైథాన్‌లోనూ జావాలోనూ కదిలేవి పాయింటర్లే, వస్తువులు ఉన్నచోటే ఉంటాయి. పెరగడం అందువల్ల తేలిక, కూర్చోబెట్టడం ఖరీదు. 64-బిట్ పైథాన్‌లో 10 లక్షల పూర్ణాంకాల లిస్ట్ అంటే పాయింటర్లకే 80 లక్షల బైట్లు, ఒక్కో అంకెకు మామూలుగా 28 బైట్లు అదనం. అదే నమ్‌పైలో 80 లక్షల బైట్లతో సరి. అలాగని నమ్‌పై అర్రేకు లూపులో ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ పోకూడదు. దానికి అదనపు కెపాసిటీ అన్నదే లేదు, అపెండ్ చేసిన ప్రతిసారీ మొత్తం అర్రే కాపీ అవుతుంది. డేటా సైన్స్ నేర్చుకుంటున్నవాళ్ళు ముందు లిస్టులో పోగేసి చివర ఒక్కసారి నమ్‌పైకి మార్చడం మంచిది.

స్ట్రింగు కూడా లోపల బైట్ల డైనమిక్ అర్రేయే. ఇక్కడ తెలుగువాళ్ళకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. చిన్న స్ట్రింగుల కోసం వేరే మెమరీ అడగకుండా స్ట్రింగు వస్తువులోనే దాచే ఏర్పాటు సి++ లైబ్రరీల్లో ఉంది. జీసీసీ, మైక్రోసాఫ్ట్ లైబ్రరీల్లో ఆ హద్దు 15 బైట్లు, క్లాంగ్‌తో వచ్చేదానిలో 22. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు కాబట్టి చాలా పేర్లు అందులోనే సరిపోతాయి. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు, గుణింతపు గుర్తుకూ పొల్లుకూ కూడా అంతే. ‘ఆంధ్ర’ సరిగ్గా 15 బైట్లతో అంచున ఇముడుతుంది. ‘తెలుగు’ 18 బైట్లు, ‘తెలంగాణ’ 21, జీసీసీ దగ్గర రెండూ హీప్‌లోకి, అంటే విడిగా అడిగి తీసుకునే మెమరీలోకి పోతాయి. 27 బైట్ల ‘హైదరాబాద్’ మూడింటిలోనూ అంతే. ఇంగ్లీషులో రాస్తే ఆ పేరుకు 9 బైట్లు చాలు. లక్షల తెలుగు మాటలతో పనిచేసే నిఘంటువు, స్పెల్ చెకర్ లాంటివి కట్టేవాళ్ళు ఇంగ్లీషు డేటాతో చేసిన వేగ పరీక్షలను నమ్ముకోకూడదు.

ఇక తేలని ప్రశ్నల్లో మొదటిది, తగ్గడం. జావా అర్రేలిస్ట్ తనంతట తాను ఎన్నడూ తగ్గదు. కోటి అంశాలు పెట్టి అన్నీ తీసేసినా లోపలి అర్రే అలాగే ఉంటుంది, ట్రిమ్‌టుసైజ్ అని మనమే పిలవాలి. సి++లో క్లియర్ అంటే లెంగ్త్ సున్నా అవుతుంది, కెపాసిటీ అలాగే ఉంటుంది. 2011లో చేరిన ష్రింక్ టు ఫిట్ కూడా ప్రమాణం ప్రకారం వినతి మాత్రమే, లైబ్రరీ దాన్ని మన్నించి తీరాలని లేదు. పైథాన్ కొంత నయం: నిండినది కెపాసిటీలో సగం కంటే తగ్గితే లిస్ట్‌ను కుదిస్తుంది. సగానికి తగ్గగానే సగం కోసేసే రెట్టింపు అర్రే మాత్రం పాడు పని చేస్తుంది. సరిగ్గా అంచు మీద ఒకటి చేర్చి ఒకటి తీస్తూ ఉంటే ప్రతిసారీ మొత్తం కాపీ అవుతుంది. అందుకే పాఠ్యపుస్తకాలు పావుకు తగ్గినప్పుడే సగం చేయమంటాయి. ఇంత తేలికైన నియమాన్ని ప్రధాన లైబ్రరీలు ఎందుకు పాటించవంటే, తగ్గాక మళ్ళీ పెరుగుతుందో లేదో అర్రేకు తెలియదు, ఆ సంగతి తెలిసినది ప్రోగ్రామరుకే. ఈ కారణాన్ని నేను ఒప్పుకుంటాను. కానీ ఆ బాధ్యత తనదని ప్రోగ్రామరుకు ఎవరు చెబుతున్నారు?

రోజుల తరబడి నడిచే సర్వర్లలో దీని ఫలితం కనిపిస్తుంది. మళ్ళీ మళ్ళీ వాడే బఫర్‌కు ఏదో ఒకరోజు ఒక పెద్ద అభ్యర్థన తగులుతుంది. అది ఆ పరిమాణానికి పెరిగి, ఆపైన చిన్న చిన్న పనులకు కూడా అంత మెమరీనీ పట్టుకునే కూర్చుంటుంది. గో భాష రూపకర్తలకే ఇది తగిలింది. వాళ్ళ ఫార్మాటింగ్ ప్యాకేజీలో 64 కిలోబైట్లు దాటిన బఫర్‌ను తిరిగి వాడకుండా పారేసే కోడ్ రాసుకోవాల్సి వచ్చింది. గోలోనే ఇంకో చిక్కు: పెద్ద ఫైలు చదివి అందులో పది బైట్ల స్లైస్ ఒకటి దాచుకుంటే, ఆ పది బైట్ల కోసం ఫైలు మొత్తం మెమరీలో బతికే ఉంటుంది. గార్బేజ్ కలెక్టర్ చూసేది కింది అర్రేనే. అందులో ఎవరికి ఎంత కావాలో దానికి అక్కర్లేదు.

రెండో ప్రశ్న, చిరునామా మారడం, ఇంతకంటే ప్రమాదకరం. వెక్టర్‌లోని ఒక గడికి పాయింటర్ పట్టుకుని, ఆ తర్వాత వెక్టర్‌కు ఇంకొకటి చేర్చామనుకోండి. కెపాసిటీ మిగిలి ఉంటే ఏమీ కాదు. నిండి ఉంటే అర్రే చోటు మారిపోతుంది, మన పాయింటర్ విడుదలైపోయిన మెమరీని చూపిస్తూ ఉంటుంది. చిన్న డేటాతో పరీక్షించినప్పుడు పనిచేసి, పెద్ద డేటా దగ్గర కూలిపోయే కోడ్ ఇలాగే పుడుతుంది, భద్రతా లోపాలూ ఇలాగే పుడతాయి. ఒక వెక్టర్ తన మొదటి అంశాన్నే తన చివర చేర్చుకోవడం సి++ ప్రమాణం ప్రకారం సరిగ్గా పనిచేయాలి. దానికోసం లైబ్రరీ రాసినవాళ్ళు కొత్త జాగాలో ముందుగా కొత్త అంశాన్ని కట్టి, ఆ తర్వాతే పాతవాటిని తరలిస్తారు. లైబ్రరీ లోపల అంత జాగ్రత్త, బయట మన పాయింటర్లకు మాత్రం ఏ కాపలా లేదు.

గోలో మెమరీ చెడిపోదు, అర్థం చెడిపోతుంది. రెండు స్లైసులు ఒకే అర్రేను చూస్తున్నప్పుడు ఒకదానికి అపెండ్ చేస్తే రెండోదాని అంశం మారిపోవచ్చు, మారకపోనూవచ్చు. ఏది జరిగేదీ ఆ క్షణంలో కెపాసిటీ ఎంత మిగిలిందన్న దాన్ని బట్టి ఉంటుంది. కెపాసిటీని కూడా కత్తిరించి ఇచ్చే మూడు సూచికల స్లైసింగ్‌ను 2013లో 1.2 వెర్షన్‌తో చేర్చారు, వాడేవాళ్ళు తక్కువ. ఈ విషయంలో నాకు నచ్చిన జవాబు రస్ట్‌ది. ఒక గడిని ఎవరైనా అరువు తీసుకుని ఉండగా వెక్టర్‌కు చేర్చడాన్ని కంపైలర్ ఒప్పుకోదు. కొత్తవాళ్ళు దాంతో కుస్తీ పడతారు, నిజమే. ఆ కుస్తీ కంపైల్ చేసేటప్పుడే అయిపోతుంది.

అంతగా కదలకుండా పెరిగే అర్రే కట్టలేమా అంటే, కట్టారు. ఎడ్వర్డ్ సిటార్‌స్కీ 1996లో హ్యాష్డ్ అర్రే ట్రీ అన్నదాన్ని వర్ణించాడు. 1999లో బ్రాడ్నిక్, కార్ల్‌సన్, డిమెయిన్, మన్రో, సెడ్జ్‌విక్ కలిసి, అంశాల సంఖ్యకు వర్గమూలం స్థాయిలో మాత్రమే జాగా వృథా అయ్యే నిర్మాణం చూపారు. 10 లక్షల అంశాలకు రెట్టింపు పద్ధతి దాదాపు మరో 10 లక్షల గడులు వృథా చేయగలిగితే, ఇది వేయి గడుల స్థాయిలో సరిపెడుతుంది. సిద్ధాంతంగా ఎంతో మెరుగు. అయినా మన రోజువారీ భాషల లైబ్రరీలు దాన్ని తీసుకోలేదు, ఎందుకంటే డేటా ముక్కలుగా ఉంటే ఒకే పాయింటర్ ఇచ్చి ఫైల్లోకి రాయమనో నెట్‌వర్క్‌కు పంపమనో అడగలేం. అమీర్‌పేట శిక్షణ తరగతుల్లో వల్లె వేయించే ‘అర్రేలిస్ట్‌కీ లింక్డ్‌లిస్ట్‌కీ తేడా’ ప్రశ్నకు కూడా పూర్తి జవాబు ఇక్కడే దొరుకుతుంది. మధ్యలో చేర్చాలంటే లింక్డ్‌లిస్ట్ మేలన్నది కాగితం మీది మాట. ఆ చోటు వెతుక్కుంటూ మెమరీలో చెల్లాచెదురైన గడుల వెంట నడవడానికే పుణ్యకాలం గడిచిపోతుంది. సి++ రూపకర్త బ్యార్న్ స్ట్రౌస్ట్రప్ ఈ విషయాన్ని వేదిక వేదికకూ చెబుతూ వచ్చాడు.

నడిమి దారి ఒకటుంది, దానికి రావలసినంత పేరు రాలేదు. 64-బిట్ లినక్స్‌లో ప్రోగ్రాముకు మామూలుగా 128 టెరాబైట్ల చిరునామాలు అందుబాటులో ఉంటాయి. అందులో 64 గిగాబైట్ల పరిధిని అర్రే కోసం ముందే ప్రత్యేకించి పెట్టుకోవచ్చు. అసలు మెమరీ, తాకిన 4 కిలోబైట్ల పేజీకి మాత్రమే ఖర్చవుతుంది. విండోస్‌లో వర్చువల్‌అలాక్ ఇదే పనిని రిజర్వ్, కమిట్ అన్న రెండు అంచెల్లో చేస్తుంది. కాపీ లేదు, చిరునామా మారదు, చివరి పేజీలను తిరిగి ఇచ్చేయనూ వచ్చు. వేలకొద్దీ చిన్న అర్రేలకు ఇది పనికిరాదు, పది పెద్ద అర్రేలున్న ప్రోగ్రాముకు దీన్ని మించింది నాకు కనబడలేదు.

ఎన్ని అంశాలు రాబోతున్నాయో తెలిస్తే రిజర్వ్ చేయమన్నది పాత సలహా. దానిలోనూ ఒక గొయ్యి ఉంది. లూపులో ప్రతిసారీ ‘ఇప్పుడున్నవీ, ఇంకో పదీ’ అని రిజర్వ్ పిలిస్తే జీసీసీ వెక్టర్ సరిగ్గా అడిగినంతే ఇస్తుంది, గుణిస్తూ పెరిగే క్రమం తెగిపోయి పాత నత్తనడక తిరిగొస్తుంది. రస్ట్‌లో రిజర్వ్, రిజర్వ్ ఎగ్జాక్ట్ అని రెండు వేర్వేరుగా పెట్టింది అందుకే. మొదటిది అడిగినదానికంటే ఎక్కువ తీసుకుని ఆ క్రమాన్ని కాపాడుతుంది.

2017లో ప్రధాన బ్రౌజర్లన్నిటికీ చేరిన వెబ్ అసెంబ్లీని ఈ కళ్ళతో చూస్తే, దాని మెమరీ మొత్తం ఒక పెద్ద డైనమిక్ అర్రే. 64 కిలోబైట్ల పేజీల లెక్కన పెరుగుతుంది. పెంచే ఆదేశం ఉంది గాని, తగ్గించే ఆదేశాన్ని మొదటి ప్రమాణంలో పెట్టలేదు. ఒకసారి పెరిగిన మెమరీ, ఆ ప్రోగ్రాము నడిచినంతసేపూ ఆ పరిమాణంలోనే ఉంటుంది. పెరిగిన క్షణంలో జావాస్క్రిప్ట్ వైపు పట్టుకున్న పాత బఫర్ తెగిపోయి దాని పొడవు సున్నా అవుతుంది, కొత్త బఫర్‌ను మళ్ళీ అడిగి తీసుకోవాలి. బ్రౌజర్ ఇంజిన్లు మాత్రం తమ లోపల ఈ మెమరీ చోటు మారకుండా ఉండేందుకు, 64-బిట్ యంత్రాల్లో గిగాబైట్ల చిరునామాల పరిధిని మొదటే ప్రత్యేకించి ఉంచుకుంటాయి.